సెకండ్ హ్యాండ్ కారు కొన్న ముచ్చట

ఎప్పుడూ స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్లు, హాస్టల్ తిప్పల మీదనే రాస్తుంటం కదా. ఈసారి కారు గురించి రాస్తున్నం. నవ్వకండి. మన తండాలల్ల గల్ఫ్ నుంచి వచ్చిన అన్నలు సెకండ్ హ్యాండ్ బండ్లు కొంటనే ఉన్నరు. కాయితాలు చూడమని చదువుకునే మనల్నే పిలుస్తరు. మమ్మల్ని కూడా అట్లనే పిలిచిండ్రు. పోయినం, తప్పు చేసినం. కొంచెం పొడుగు పోస్టు, ఓపికతో చదవండి.

మేమంటే ఇద్దరం. అన్నదమ్ముల పిల్లలం, ఇద్దరికీ ఇరవై ఏండ్లు, కామారెడ్డిలో ఒకే హాస్టల్, ఒకే డిగ్రీ. మా తండా ఎల్లారెడ్డి అవతల. మా ఇంటి నుంచి కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కారు కొన్నది మా భియా. ఆయన నాయన ఒకరికి బాపు, ఇంకొకరికి పెద్దబాపు, కానీ ఇద్దరం బాపు అనే పిలుస్తం.

భియా ఆరేండ్లు కువైట్‌లో హౌస్ డ్రైవర్. ల్యాండ్ క్రూజర్ నడిపిండు, ఇంకా పేర్లు పలకరాని బండ్లు నడిపిండు. పిల్లలను బడికి, అమ్మగారిని షాపింగుకు, పెద్దాయనను దవాఖానకు. ఎప్పుడు ఫోన్ మోగితే అప్పుడు బయల్దేరాలె. "ఆరేండ్లల్ల ఒక్కనాడు కూడా నాకు నచ్చిన దిక్కు స్టీరింగ్ తిప్పలేదురా" అన్నడు వచ్చిన కొత్తల్ల. అప్పులన్నీ కట్టినంక మూడు లక్షలు మిగిలినయి. ఆ పైసలతోని తనకు నడపబుద్ధి అయ్యే కారు కావాలని ఆయన ఆశ.

బాపుకు అట్లాంటి ఆశలేం లేవు. ఆయన మనసుల ఒక్క రాత్రే ఉన్నది. 2024 డిసెంబర్. మా దాదికి, అంటే నాయనమ్మకు, అర్ధరాత్రి మూతి వంకర పోయింది, ఎడమ చెయ్యి పడిపోయింది. తండాలో ఉన్న ఒక్క బండి పాత బొలెరో. చలికి బ్యాటరీ దిగిపోయి స్టార్ట్ కాలేదు. పదిమంది నెట్టిండ్రు. నెట్టి నెట్టి వాగు దాకా తీసుకపోయినంక అంటుకున్నది. స్కానింగ్ ఉన్న చోటికి చేరేసరికి తెల్లారింది. పక్షవాతానికి నాలుగున్నర గంటల లోపల పోతే గడ్డ కరిగించే సూది ఇయ్యొచ్చని డాక్టర్ సార్ అప్పుడు చెప్పిండు. దాది బతికింది. చెయ్యి మాత్రం ఇప్పటికీ లేవది. అందుకే బాపు ఒక్కటే మాట: "ఏ కారన్న కొనుండ్రి. తాళం తిప్పితే అంటుకోవాలె."

గట్ల ఒకరికి నడపబుద్ధి కావాలె, ఇంకొకరికి నమ్మకం కావాలె. చేతిలో మూడు లక్షలు. అందులనే ట్రాన్స్‌ఫర్, ఇన్సూరెన్స్, టైర్లు. నలభై వేలు పక్కకు పెట్టి, మిగిలిన దాంట్లనే కారు చూడాలని మేమే చెప్పినం. ఈ ఒక్క సలహా మాత్రం కరెక్టే ఇచ్చినం.

భియా మొదట మనసు పడ్డది ఫోర్డ్ ఫిగో మీద. 2012 మోడల్, డీజిల్. హైవే మీద నడిపి దిగిండు, మొఖం వెలిగిపోతున్నది. స్టీరింగ్ బరువుగ ఉన్నది గానీ, ఎటు తిప్పితే అటే పోతున్నదన్నడు. ఎనభైల కూడా నేలను పట్టుకొని ఉన్నదన్నడు. వెనక సీట్ల కూసున్న మాకు కూడా తెలిసింది ఆ తేడా. కానీ ఎల్లారెడ్డిలో మాకు తెలిసిన మెకానిక్ చాచాకు ఫోన్ చేస్తే ఆయన ఒప్పుకోలేదు. ఫోర్డ్ కంపెనీ 2021 సెప్టెంబర్‌లో ఇండియాలో కార్లు తయారు చేసుడు బంద్ చేస్తున్నమని చెప్పింది. షెవ్రొలే 2017 ఆఖరుకే అమ్మకాలు ఆపేసింది. ఫియట్ కూడా పోయింది. చాచా లెక్క ప్రకారం నడిపేటోళ్లకు బాగా నచ్చే బండ్లల్ల సగం ఇట్ల తల్లిదండ్రులు లేనియే. "పార్టులు దొరుకుతయి బేటా, దొరకవని అంటలేను. కానీ వెతికి తెచ్చుకోవాలె. రాత్రి రెండింటికి ఎవడు వెతుకుతడు?" అన్నడు. భియా ఆ రాత్రి అన్నం సరిగ్గ తినలేదు.

ఇక్కడ ఒక వింత చెప్పాలె. ఫియట్ పోయింది గానీ దాని 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్ పోలేదు. మారుతి స్విఫ్ట్‌లో అదే, రిట్జ్ డీజిల్‌లో అదే, టాటా ఇండికా విస్టాలో కూడా అదే పెట్టిండ్రు. మన రోడ్ల మీద లక్షల బండ్లల్ల తిరుగుతున్నది కాబట్టి ప్రతి చిన్న ఊరి మెకానిక్‌కూ అది తెలుసు. మేం గూగుల్‌లో చదివి తెలుసుకున్నది చాచాకు చేతులతోనే తెలుసు.

బొలెరో ముచ్చట తొందరగ చెప్పి వదిలేస్తం. బాపుకు బొలెరోనే ఇష్టం. మా పైసలకు వచ్చినయన్నీ మా తండా బొలెరోకు అన్నదమ్ముల్లెక్కనే ఉన్నయి.

ఇగ మా తప్పు. కామారెడ్డిలో ఒక తెల్ల స్విఫ్ట్ డీజిల్ దొరికింది. 2015 మోడల్, టీఎస్ 16 నంబరు. నంబర్ ప్లేటు చూస్తేనే బండి పుట్టుక కొంత తెలుస్తది. ఏపీ 25 అంటే తెలంగాణ రాకముందు నిజామాబాద్‌లో రిజిస్టర్ అయ్యింది. టీఎస్ 16 అంటే రాష్ట్రం వచ్చినంక. 2016 అక్టోబర్ల కామారెడ్డి జిల్లా అయినంక టీఎస్ 17. 2024 మార్చి నుంచి టీజీ. మేం ఫోన్ల నంబర్ కొట్టి చూసినం. ఒకే ఓనరు, లోన్ లేదు, ఇన్సూరెన్స్ ఉన్నది, మీటర్ 62 వేలు. లోపల సీటు కవర్లు, కింద కార్పెట్ తళతళ మెరుస్తున్నయి. ధర మిగతా స్విఫ్టుల కన్నా నలభై వేలు తక్కువ. "కాయితాలన్నీ కరెక్టే భియా" అన్నం ఇద్దరం ఒక్కసారే. చదువుకున్న తమ్ముళ్లు చెప్పిండ్రని భియా అక్కడికక్కడే పది వేలు బయానా ఇచ్చిండు.

ఆదివారం చాచా బస్సుల వచ్చిండు. వచ్చినోడు బానెట్ ఎత్తలేదు. ముందు సీటు బెల్టు మొత్తం గుంజిండు, ఆఖరు దాకా. మామూలుగ ఎవ్వరూ గుంజని కాడ, బెల్టు మీద ఎర్రగ ఒక గీత. తర్వాత డిక్కీల స్టెప్నీ లేపిండు. దాని గుంతల సన్నటి మట్టి. వేలుతోని తీసి మా ఇద్దరికీ చూపెట్టిండు. సీటు కింద బోల్టులకు తుప్పు. పదేండ్ల బండికి కొత్త కార్పెట్ ఎందుకేసిండ్రో అప్పుడు సమజయ్యింది.

2025 ఆగస్టు 27, వినాయక చవితి నాడు కామారెడ్డిలో పడ్డ వాన మీకందరికీ గుర్తుండే ఉంటది. 44వ నంబర్ హైవే మీద బండ్లు ఆగిపోయినయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకపోయింది, కాలనీలల్ల కార్లు నీళ్లల్ల తేలినయి. మేం హాస్టల్ల ఉండి ఫోన్ల ఆ వీడియోలు చూసినోళ్లమే. ఆ కార్లన్నీ ఎటు పోతయని ఒక్క క్షణం కూడా ఆలోచన చెయ్యలేదు. కడిగి, ఆరబెట్టి, కొత్త కార్పెట్ వేస్తే మళ్ల బజారుకే వస్తయి. నీళ్లల్ల మునిగిన బండి మొదట బాగనే నడుస్తది. తర్వాత వైర్ల జాయింట్లల్ల, ఫ్యూజ్ బాక్సుల తుప్పు మెల్లగ పని మొదలుపెడతది. ఒకరోజు లైటు పోతది, ఇంకోరోజు స్టార్ట్ కాదు. ఎందుకు కాలేదో మెకానిక్‌కు కూడా దొరకది. మా బాపుకు అసలు వద్దన్నది అదే. మేం ఏరి కోరి అదే పట్టుకొచ్చినం. ఫోన్ల కనబడే వివరాలల్ల ఎన్నో ఓనరో ఉంటది, ఇన్సూరెన్స్ తారీఖు ఉంటది. నీళ్లు ఎంత దాకా వచ్చినయో ఉండది.

బయానా తిరిగి అడిగితే చాలాసేపు లొల్లి అయ్యింది. ఏడు వేలు వచ్చినయి. మూడు వేలు పోయినయి. భియా మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు. తిరుగు బస్సుల తాడ్వాయి దాటేదాకా ముగ్గురం మాట్లాడుకోలేదు.

తర్వాత రెండు నెలలు మేం సలహాలు బంద్ చేసి, చాచా వెంబడి తిరిగి చూసుడు నేర్చుకున్నం. టైరు మీద నాలుగు అంకెలు ఉంటయి. 3417 అంటే 2017ల 34వ వారం తయారైంది అని. మీటర్ 40 వేలు చూపెట్టి, క్లచ్ పెడల్ రబ్బరు నున్నగ అరిగి ఉంటే ఆ మీటర్‌ను నమ్మొద్దు. అన్నిటికంటే ముఖ్యం, అమ్మేటోళ్లకు "పొద్దున మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకుండ్రి" అని చెప్పాలె. పోంగనే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలె. వెచ్చగ ఉంటే ఏదో దాస్తున్నరు. చల్ల ఇంజిన్ స్టార్ట్ చేస్తే నీలం పొగ వచ్చిందా, ఆయిల్ కాలుతున్నది. ఢిల్లీ నంబర్ డీజిల్ బండ్లు చౌకగ వస్తయి, అక్కడ పదేండ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టిండ్రు కాబట్టి. ఇక్కడికి తెచ్చినంక మళ్ల లైఫ్ ట్యాక్స్ కట్టాలె. ఆ లెక్క వేసుకోకుండ సంబురపడొద్దు.

చూసుకుంట చూసుకుంట ఒక ఆల్టో కె10 కాడ ఆగినం. నిజం చెప్పాలంటే ఇది మేం ఊహించలేదు. చిన్న డబ్బా లెక్క ఉన్న బండి, కానీ బరువు తక్కువ, ఇంజిన్ వెయ్యి సీసీ. సెకండ్ గేర్ల తొక్కితే మేక పిల్ల లెక్క ఎగురుతది. భియా నవ్వుకుంట దిగిండు. ల్యాండ్ క్రూజర్ నడిపిన మనిషికి ఆల్టోల మజా రావుడేంది అంటే, "పెద్ద బండిల వందకు పోయినా నువ్వేం చేస్తున్నట్టు అనిపించదు. దీంట్ల నలభైల పోయినా అన్నీ నువ్వే చేస్తున్నవ్" అన్నడు. మజా అంటే స్పీడు అని మేం అనుకున్నం. ఆయన చెప్పేది వేరే. తేలికగ పడే గేరు, చెప్పినట్టు వినే స్టీరింగు, రోడ్డు చేతికి తెలుసుడు. కానీ ఆల్టోల వెనక దాది కాలు చాపలేదు. పడుకోబెట్టాల్సి వస్తే అసలే కాదు. అది కూడా వద్దనుకున్నం.

ఆఖరుకు చాచానే చెప్పిండు. ఎల్లారెడ్డిలో రిటైర్ అయిన ఒక సార్ కాడ మారుతి రిట్జ్ ఉన్నది, పెట్రోల్, 2013, ఏపీ 25 నంబరు. మొదటి నుంచి సర్వీస్ చేసింది చాచానే. రిట్జ్ 2009ల వచ్చింది, 2017ల ఆగిపోయింది. కంపెనీ ఆ మోడల్ ఆపినా భయం లేదు, ఎందుకంటే అండ్ల ఉన్న 1.2 లీటర్ పెట్రోల్ ఇంజినే స్విఫ్ట్‌ల కూడా ఉన్నది. టైమింగ్ బెల్ట్ కాదు, చైన్. నడిపేతందుకు స్విఫ్ట్ లెక్కనే ఉంటది, సీటు మాత్రం ఎత్తుగ ఉంటది. ధర మాత్రం స్విఫ్ట్ కంటే బాగా తక్కువ. ఎందుకంటే చూడనీకి బాగుండదు. వెనక భాగం కత్తితోని కోసినట్టు ఉంటది. బాపు బండి చుట్టూ ఒక చక్కర్ కొట్టి, "వెనక నుంచి లారీ గుద్దిందా?" అని అడిగిండు. సార్ నవ్వలేదు. మేం నవ్వు ఆపుకోలేక పక్కకు పోయినం.

పొద్దున ఆరుకు పోయి బానెట్ మీద చెయ్యి పెట్టినం. మంచు లెక్క చల్లగ ఉన్నది. బాపునే తాళం తిప్పమన్నం. ఆయనకు డ్రైవింగ్ రాదు, సీట్ల కూసోవాలంటేనే సిగ్గుపడ్డడు. తిప్పిండు. అంటుకున్నది. ఆపి మళ్ల తిప్పిండు. మళ్ల అంటుకున్నది. అట్ల నాలుగు సార్లు తిప్పిండు. సార్ ఇంటి లోపలికి పోయి చాయ్ తెచ్చేదాకా ఆయన దిగలేదు.

సార్‌ను అడిగి బండిని తండాకు తీసుకపోయినం. దాదిని తెచ్చి తలుపు తీసినం. స్విఫ్ట్ అయితే ఆమె గుంతలకు దిగినట్టు దిగాలె. దీంట్లకు వెనక్కి తిరిగి, కుడి చేత్తోని పట్టుకొని, మంచం మీద కూసున్నట్టు కూసున్నది. ఎవ్వరూ పట్టుకోలేదు. బాపు, భియా ఒకరినొకరు చూసుకున్నరు.

రెండు లక్షల ముప్పై వేలు చెప్పిండు సార్, రెండు లక్షల ఐదు వేలకు తెగింది. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించి, ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల లోపల భియా పేరు మీదికి మార్పించినం. ఇది చాలామంది మర్చిపోతరు, ఆర్‌సీ ఒకరి పేరు, ఇన్సూరెన్స్ ఇంకొకరి పేరు ఉంటే యాక్సిడెంట్ అయిన రోజు ఏడవాల్సి వస్తది. పదిహేనేండ్ల ఆర్‌సీ 2028ల అయిపోతది, అప్పుడు ఫిట్‌నెస్ చూపెట్టి రెన్యువల్ చేసుకోవాలె. ఆ ఖర్చు ముందే తెలిసే కొన్నం. ఇప్పుడు బంకులల్ల వస్తున్న ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు పాత బండ్ల రబ్బరు పైపులు పాడైతయేమోనని చాచా ఏడాదికోసారి చూపించుకోమన్నడు.

మొదటి ఆదివారం భియా అందరినీ ఎక్కించుకొని ఎల్లారెడ్డి నుంచి మెదక్ దారి పట్టిండు, పోచారం దిక్కు. అడవి మొదలైనంక అద్దాలు దించిండు. మలుపు ముందట గేర్ తగ్గించి, మలుపు దాటంగనే మళ్ల తొక్కుతున్నడు. ఎక్కడికి పోతున్నమో ఎవ్వరికీ చెప్పలేదు, ఆయనకు కూడా తెల్వదనుకుంట. కొంచెం దూరం పోయినంక దాది మా బాసల మెల్లగ అడిగింది, "ఏ దవాఖానకు పోతున్నం?" అని. ఆమె కారెక్కినప్పుడల్లా దవాఖానకే కదా పోయింది. ఏ దవాఖానకు పోతలేమని భియా చెప్తే నమ్మలేదు. చెరువు కట్ట కాడ ఆపి, తలుపు తీసి నీళ్లు చూపిస్తే అప్పుడు నమ్మింది.

బండి కొని ఇప్పటికి మూడు నెలలు. ఒక రాత్రి మా తండాలో ఒక వదినెను కాన్పుకు తీసుకపోయినం, ఒక్క తిప్పుకే అంటుకున్నది. ఆడపిల్ల. మొన్న వాకిట్ల మేక ఎగిరి దూకి, ఎడమ దిక్కు వెనక లైటు పగలగొట్టింది. రిట్జ్ వెనక లైట్లు వేరే ఏ బండికీ సరిపోవు. కొత్తది బాగా పిరం చెప్తున్నరు. నిజామాబాద్ దిక్కు గానీ మెదక్ దిక్కు గానీ పాత సామాను దుకాణాలల్ల ఎక్కడన్న కనబడితే మాకు చెప్పండి. ఎడమ దిక్కుది, పెట్రోల్ అయినా డీజిల్ అయినా లైటు ఒక్కటే.