అంబాసిడర్ ఆవిరి కక్కితే ముందు రేడియేటర్ చూడండి

మే నెలల జమ్మికుంట పత్తి మార్కెట్ దిక్కు పాత అంబాసిడర్ ఆగి, బానెట్ కింద నుంచి ఆవిరి లేస్తే చాలు, "ఇంజన్ పోయింది, అమ్మేయ్" అనేటోళ్లు ఉంటరు. వింటే మనసుకు కష్టమైతది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టి, 2014 దాకా బెంగాల్‌ల తయారైన బండి అది. దాని పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ అంత తేలిగ్గ చచ్చేది కాదు.

చాలాసార్లు తప్పు నీళ్లది. ఉప్పు బోరు నీళ్లు ఏండ్లకేండ్లు పోస్తే రేడియేటర్ సన్న గొట్టాలల్ల గార కడతది. పైనుంచి చూస్తే నిండుగనే ఉంటది గాని లోపల నీళ్లు తిరగవు. బండి బంద్ చేసినంక రేడియేటర్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒక దిక్కు సెగ కొట్టి, ఇంకో దిక్కు చల్లగుంటే అక్కడ మూసుకపోయినట్టే. పాత పనిమంతులు టంకం కరిగించి, పై ట్యాంకు ఊడదీసి, ఒక్కో గొట్టంల సన్న పట్టీ ఆడించి గార దులుపుతరు. ఎంత ఓపికైన పనో! ఆ చేతులు తగ్గిపోతున్నయి.

మూత రబ్బరు కూడా చూడాలె. ఒత్తిడి నిలిస్తేనే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. ఫ్యాన్ బెల్టు వదులైతే వాటర్ పంపు సుత మందగిస్తది. థర్మోస్టాట్ పీకి పారేసుడు మాత్రం నాకు అస్సలు నచ్చదు. పొద్దుగాల ఇంజన్ వేడెక్కక అరుగుతది.

బాగైనంక కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌ల కలిపి పోయండి. వేడి మీద మూత ముట్టకండి.