నోటుమీది ముఖం

మా మేనల్లుడు టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవుమీద వచ్చినప్పుడు, జపానువారు 2024 జూలైలో విడుదల చేసిన కొత్త పదివేల యెన్ నోటొకటి నా చేతికిచ్చి, "మామయ్యా, ఈ పెద్దమనిషిని గుర్తుపట్టారా?" అన్నాడు.

గుర్తుపట్టకేం! షిబుసావా ఎయిచి. 1840లో ఒక రైతు యింట పుట్టి, దాదాపు 500 సంస్థల స్థాపనలో పాలు పంచుకున్న మహానుభావుడు. వర్తకుడికి ఒక చేత కన్ఫ్యూషియస్ నీతీ, మరొక చేత లెక్కల పూసల చట్రమూ వుండాలని ఆయన మతం. ఆ మాట నాకెంతగానో నచ్చి, క్లాసులో పిల్లలకు చెప్పాను కూడాను.

"మా ఆఫీసులో ఒక కొరియా అబ్బాయి వున్నాడు. నోటు చూపిస్తే, 'మా ముత్తాతలు ఈయన ముఖం ఎప్పుడో చూశారు' అని వూరుకున్నాడు. ఏమిటి దాని అర్థం?" అన్నాడు మావాడు.

పాఠం చెప్పినవాణ్ణి, తెలియదంటే ఏం మర్యాద? ఆ రాత్రి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను.

1876లో జపాను యుద్ధనౌకల బలం చూపి కొరియాచేత సంధి చేయించుకుంది. జపాను వర్తకులు పుసాన్ రేవులో దిగారు. వారి సరుకుకు సుంకం లేదు. వారి నాణెం అక్కడ చెల్లుతుంది. రెండేళ్ళకు షిబుసావా గారి దాయిచి బాంకు అక్కడ శాఖ తెరిచింది. 1902లో ఆ బాంకు కొరియాలో సొంత నోట్లు చలామణీలో పెట్టింది. వాటిమీద బొమ్మ ఎవరిదనుకున్నారు? కొరియా రాజుగారిది కాదు, షిబుసావా గారిదే! అక్కడి ప్రభుత్వం ఆ నోట్లు చెల్లవన్నది. జపాను యుద్ధనౌకను పంపేసరికి చెల్లుతాయనక తప్పిందికాదు.

1905లో పాతనాణేల మార్పిడి జరిగింది. మంచివన్నవాటికి ఒక ధర, నాసివన్నవాటికి తక్కువ ధర. కొన్నిటిని అసలు తీసుకోనేలేదు. నిన్నటిదాకా చెల్లిన డబ్బు చేతిలోనే వుండగా కొరియా వర్తకులు ఎందరో దివాలా తీశారు. ఆ ఏడే సియోల్‌నుంచి పుసాన్‌కు రైలు నడిచింది. దాని వెనకా షిబుసావా గారి కృషి వుంది. ప్రయాణం సులువైంది, కాదనను. కాని దారిలో పొలాలు పోగొట్టుకున్న రైతు ఆ రైలుకూత ఎలా వినివుంటాడు?

మర్నాడు కాఫీ దగ్గర యిదంతా చెబుతుంటే మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది. 1907నాటికి కొరియా ప్రభుత్వం జపానుకు కోటీ 30 లక్షల వన్‌లు బాకీ పడింది. ఆ బాకీ మేము తీరుస్తామని డేగు పట్టణంలో ప్రజలు లేచారు. మూడు నెలలు పొగాకు మానేసి ఆ డబ్బు కూడబెడదామని మగవాళ్ళు పూనుకున్నారు. ఆడవాళ్ళు వుంగరాలూ, కొప్పుల్లో పెట్టుకునే సూదులూ తీసి యిచ్చారు. ఆ వుద్యమపు పత్రాలను 2017లో యునెస్కో ప్రపంచ స్మృతిపట్టికలో చేర్చింది.

"మా అమ్మమ్మ వాళ్ళమ్మ గాంధీగారి హరిజననిధికి గాజులు ఒలిచి యిచ్చిందట," అని మా ఆవిడ తన చేతులవంక చూసుకుంది. "అయితే ఏమండీ, ఆ అప్పు తీరిందా?"

"తీరలేదు. పై అధికారులు వుద్యమాన్ని సాగనివ్వలేదు. 1910లో దేశమే జపానుపరం అయింది."

మావాడు నోటు అందుకుని, చాలాసేపు ఆ ముఖంకేసి చూశాడు. "ఈయన చెడ్డవాడంటారా, మామయ్యా?"

నాకు జవాబు తోచలేదు. స్వదేశానికి ఆయన చేసిన మేలు అబద్ధం కాదు. ఆయన చెప్పిన నీతీ చెడ్డది కాదు. ఆ నీతి సముద్రం దాటి అవతలి రేవులో దిగిందా అన్నదే ప్రశ్న.

"ఆ కొరియా అబ్బాయికి ఫోను చెయ్యి. నీ మాట యిప్పటికి అర్థమైందని చెప్పు," అన్నాను.

సోమవారం నేనూ క్లాసులో, వెనుక చెప్పిన పాఠంలో వదిలేసిన సగం చెప్పాలి.