కిటికీ బొమ్మ

ఇంగ్లండులో, లండను నగరానికి పడమరగా సుమారు 100 మైళ్ళ దూరాన లేకాక్ అనే పల్లె ఉన్నది. పల్లె పక్కనే ఒక పెద్ద రాతి భవనం. 1232లో అది క్రైస్తవ సన్యాసినుల మఠంగా వెలిసింది. కొన్ని వందల ఏళ్ళ తరవాత టాల్బట్ వంశం వారి ఇల్లయింది. లోపల పొడుగాటి హాలులో, చిన్న చిన్న గాజు పలకలు పొదిగిన కిటికీ ఒకటి ఉన్నది. చూడవచ్చిన వారంతా దాని ముందు ఆగుతారు. ఎందుకో తెలుసా?

ఒకప్పుడు ఈ ఇంటి యజమాని విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ (1800-1877). ఆయన గొప్ప పండితుడు, కాని బొమ్మలు వెయ్యటం మటుకు చేతకాదు. 1833లో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున కూచుని ఎంత పాటుపడినా, ఆ దృశ్యం కాగితం మీదికి రాలేదు. వెలుతురు చేతనే బొమ్మ గీయిస్తే ఎలా ఉంటుందని అప్పుడాయనకు తోచింది.

ఇంటికి వచ్చాక ఆయన మంచి కాగితాన్ని ఉప్పునీటిలో ముంచి, ఆరబెట్టి, దానికి సిల్వర్ నైట్రేటు ద్రావణం పూశాడు. ఇలాటి కాగితం వెలుతురు సోకినచోట నల్లబడుతుంది. దాని మీద ఒక ఆకు పెట్టి ఎండలో ఉంచితే చుట్టూ నల్లబడి, ఆకు ఉన్నచోటు తెల్లగా నిలుస్తుంది. కాని ఆకు తీసేస్తే ఆ తెలుపు కూడా నల్లబడి, బొమ్మ మాయమవుతుంది గదా! అందుకని టాల్బట్ బొమ్మను చిక్కటి ఉప్పునీటితో కడిగాడు. దానితో బొమ్మ కొంతవరకు నిలిచేది. 1839లో జాన్ హెర్షెల్ అనే శాస్త్రజ్ఞుడు ‘హైపో’ వాడుక చెప్పినాకనే ఈ చిక్కు బాగా తీరింది.

టాల్బట్ చిన్న కొయ్యపెట్టెలకు కటకాలు అమర్చి, లోపల ఈ కాగితం పెట్టి, ఇంటి చుట్టూ అక్కడక్కడా ఉంచేవాడు. ఆయన భార్య వాటిని ఎలకబోనులనేది. 1835 ఆగస్టులో ఒక బోనులో ఈ కిటికీ చిక్కింది! బొమ్మ తపాలా బిళ్ళంతే. అయినా భూతద్దం పెట్టి చూస్తే సుమారు 200 గాజు పలకలు లెక్కకు వచ్చేవని టాల్బట్ రాసుకున్నాడు. కెమేరాతో తీసిన నెగెటివులలో నేటికి మిగిలినవాటిలో ఇదే అతి పాతది.

నెగెటివులో వెలుతురు నల్లగానూ, నీడ తెల్లగానూ ఉంటుంది. దాన్ని మరొక పూతకాగితం మీద పరిచి ఎండలో పెడితే, నలుపు తెలుపులు తారుమారై సరి అయిన బొమ్మ వస్తుంది. ఒకటి కాదు, ఎన్ని కావాలంటే అన్ని! 1839లో ఫ్రాన్సులో డాగెర్ వెల్లడించిన పద్ధతిలో వెండిపూత గల రాగి రేకు మీద బొమ్మ ఎంతో స్పష్టంగా వచ్చేది. కాని దాని నుంచి ప్రతులు తీసే వీలు లేదు.

కిటికీ ఇప్పటికీ లేకాక్‌లోనే ఉన్నది. దాని బొమ్మ మాత్రం బ్రాడ్‌ఫర్డ్ నగరంలోని మ్యూజియానికి చేరింది. అది బాగా వెలిసిపోయింది. దానికి వెలుతురు తగలనివ్వకూడదు. వెలుతురు గీసిన ఆ బొమ్మను వెలుతురే చెరిపెయ్యగలదు మరి!