చెత్తబుట్టయా, అటకయా?

ఒక యింటివారి తీరు తెలియవలెనన్నచో వారు దాచుకొన్న వస్తువులను చూచిన మాత్రమున చాలదు. వారు దేనిని పారవేయుదురో, ఎక్కడ పారవేయుదురో, పారవేసినదానిని మరల వెదకుకొను వీలు ఉంచుకొందురో లేదో, అదియు చూడవలెను. నేడు మన యిండ్లలో చాలవరకు కంప్యూటరు వచ్చి కూర్చున్నది. దాని తెరమీద ఒక మూలను చిన్న బుట్ట బొమ్మ కనబడును. అక్కరలేని దస్త్రములను అందులో వేయుదుము. ఇంత చిన్న బొమ్మను గూర్చి వ్యాసమేల యని చదువరులు నవ్వవచ్చును. కాని తరతరములుగా తమిళనాట నెలకొని, ఇంట తెలుగు మాటాడుకొను మనవంటి కుటుంబములకు ఆ బొమ్మలో పెద్ద విషయమే యిమిడియున్నదని మేము తలంచుచున్నాము.

ముందుగా ఆ బుట్ట చరిత్రను మనవి చేసెదము. అమెరికాలోని యాపిల్ సంస్థ 1983లో లీసా అను యంత్రమును, 1984 జనవరిలో మాకింటోష్ అను యంత్రమును వెలువరించినది. ఆఫీసు బల్లను తెరమీదికి తెచ్చుట వారి యూహ. బల్ల యున్నచోట కాగితములుండును; కాగితములున్నచోట వాటిని పారవేయుటకు ఏదో యొకటి యుండవలెను గదా! మాకింటోష్ బొమ్మలలో పెక్కింటిని గీసినది సూసన్ కేర్ అను చిత్రకారిణి. ఒక్కొక్క బొమ్మకు ఆమెకు దొరికిన స్థలము అడ్డముగా 32 చుక్కలు, నిలువుగా 32 చుక్కలు. వెరసి 1,024 చుక్కలు. రంగులు లేవు, నలుపు, తెలుపు మాత్రమే. ఆమె గళ్ల కాగితము తీసికొని ఒక్కొక్క గడిని నింపుచు బొమ్మలను కూర్చినది. వాకిట చుక్కలు పెట్టి ముగ్గు వేయు మన స్త్రీలకు ఈ విద్య కొత్తది కాదు. ఏ చుక్కను కలుపవలెను, ఏ చుక్కను విడువవలెను అన్నదే అక్కడను, ఇక్కడను నేర్పు.

పారవేయుటకై వారు పెట్టిన బొమ్మ మూతగల రేకు డబ్బా. అమెరికావారు దానిని ‘ట్రాష్’ అనిరి. బ్రిటనులో అమ్మిన యంత్రములలో అదే డబ్బాక్రింద ‘వేస్ట్‌బాస్కెట్’ అని వ్రాసిరి. బొమ్మ ఒకటే, పేరు మాత్రము దేశమునుబట్టి మారినది. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెనని మా ప్రార్థన. మొదటి యేండ్లలో యంత్రమును ఆపినచో డబ్బాలోనివన్నియు వాటంతట అవియే పోవుచుండెను. 1991లో వచ్చిన ఏడవ కూర్పునుండి యజమాని తానుగా ఖాళీచేయువరకు లోపలి వస్తువులు నిలిచియుండు ఏర్పాటు కలిగినది. లోపల ఏదైన నున్నచో డబ్బా పొట్ట ఉబ్బి కనబడును.

ఇతరులు వేరు బొమ్మలు పెట్టిరి. 1989 నాటి నెక్స్ట్‌స్టెప్ పద్ధతిలో అన్నిటిని మ్రింగివేయు నల్లని ఆకాశబిలము బొమ్మ యుండెను. తరువాత దానిని తీసివేసి, పునరుపయోగమును సూచించు బొమ్మను పెట్టిరి. 1992లో ఐ.బి.ఎం. వారి ఓఎస్-2 రెండవ కూర్పులో కాగితములను చీలికలుగా కోయు యంత్రపు బొమ్మ వచ్చినది. 1995 ఆగస్టులో వెలువడిన విండోస్ 95లో మైక్రోసాఫ్ట్ వారు ‘రీసైకిల్ బిన్’ అను బుట్టను పెట్టి, దానిమీద గుండ్రముగా తిరుగు బాణములను గీసిరి. ఈ బొమ్మలు వ్యాజ్యములకును కారణమైనవి. 1988లో యాపిల్ వారు మైక్రోసాఫ్ట్, హ్యూలెట్ పాకర్డ్ సంస్థలమీద దావా వేసిరి. వారి కోరికలలో మిక్కిలి భాగము కొట్టివేయబడినది. హ్యూలెట్ పాకర్డ్ వారి న్యూవేవ్‌లోని చెత్తడబ్బా, ఫోల్డరు బొమ్మల విషయమున మాత్రము యాపిల్ మాట నెగ్గినది.

డబ్బా, బిలము, కోతయంత్రము, బాణములు: ఈ నాలుగును ఒకే పనికి పెట్టిన గురుతులైనను, నాలుగును నాలుగు మాటలు చెప్పుచున్నవి. వాటిలో ఏది నిజము? మా ఉద్దనపల్లి ప్రాంతపు పల్లెటి యింటిని తలచుకొన్నచో ఈ ప్రశ్నకు జవాబు సులభముగా దొరకును.

మన పెద్దలు వస్తువులను తొలగించుటకు నాలుగు దారులు ఏర్పరచుకొనిరి. నేటికి అక్కరలేదు గాని రేపు కావలసివచ్చునేమో అనుకొన్నదానిని అటకమీదికి ఎక్కించుచుండిరి. పేడ, బూడిద, ఇంటి చెత్త దిబ్బకు చేరుచుండెను. అది మాగి, వానలకు ముందు బండ్లమీద రాగిచేనికి పోయి, మరుసటి యేడు రాగిముద్దయై యింటికి తిరిగి వచ్చుచుండెను. చీపురుకట్టలు, చినిగిన చాపలు భోగినాటి మంటకు పోవును. విరిగిన విగ్రహమును, చిరిగిన దేవుని పటమును దిబ్బమీద వేయుటకు చేయి రాదు. వానిని చెరువులోనో దక్షిణ పినాకినిలోనో విడుతుము. అటకమీదిది తిరిగి వచ్చును. దిబ్బమీదిది వేరు రూపమున వచ్చును. మంటలో వేసినది, నీటిలో విడిచినది తిరిగి రావు. ఈ భేదము మన యిండ్లలో చదువురాని ముసలివారికిని తెలియును.

కంప్యూటరు లోపల జరుగునదియు ఇట్టిదే. దస్త్రమును బుట్టలో వేసినప్పుడు అది నశింపదు. చోటు మారినట్లు పట్టికలో వ్రాయబడును. ఇది అటక. బుట్టను ఖాళీచేసినప్పుడు, అయస్కాంతపు పళ్లెములుగల యంత్రములలో, అక్షరములు వెంటనే చెరగిపోవు; ‘ఈ స్థలమును మరియొకదానికి వాడుకొనవచ్చును’ అను గురుతు మాత్రము పడును. కొత్త దస్త్రము వచ్చి దానిమీద వ్రాయబడువరకు పాతది అడుగున పడియుండును. ఇది దిబ్బ. నేటి కొత్తరకపు నిలువ పరికరములలో ఈ గడువును మిక్కిలి తగ్గిపోయినది. అది భోగిమంటకు దగ్గరగా వచ్చినది. అట్లయినచో, బాణముల గురుతు బుట్ట నిండియున్న దశకు చెందదు. ఖాళీచేసిన తరువాతి దశకే చెందును. కోతయంత్రము, బిలము అంతిమ నాశనమును చెప్పును. బుట్టలో నున్న వస్తువు ఇంకను ఇంటిలోనే యున్నదను మాటను ఈ గురుతులలో ఏదియు తిన్నగా చెప్పుట లేదు.

బొమ్మ అబద్ధమాడినచో మనుష్యులు భయపడుదురు. పాత మాకింటోష్‌లో డిస్కును బయటికి తీయవలెనన్నచో దాని బొమ్మను చెత్తడబ్బామీదికి ఈడ్వవలసియుండెను. తమ వ్రాతలన్నియు చెత్తపాలగునేమో యని క్రొత్తవారు బెదరిరి. 2001లో వచ్చిన ఓఎస్ టెన్‌లో డిస్కును పట్టి యీడ్చునప్పుడు డబ్బా బొమ్మ మారి, బయటికి తీయు గురుతు కనబడు ఏర్పాటు చేసిరి. కావున ఇట్టి బొమ్మ గీయువాడు మూడు సంగతులు చూడవలెనని మా యభిప్రాయము: వేసినది ఎక్కడ నున్నదో తెలుపవలెను, లోపల ఏదో కలదని చూపవలెను, ఏ గడప దాటినచో తిరిగి రాదో హెచ్చరింపవలెను.

ఐతే అటకను గీయరాదా యని మేము ఒకప్పుడు గళ్ల కాగితముమీద ప్రయత్నించితిమి. 32 చుక్కలలో అటక ఇముడదు. గోడ, దూలము, నిచ్చెన, మూట అన్నియు గీసినగాని అది అటక యని తెలియదు. బుట్ట యన్ననో నాలుగు గీతలలో తేలును. పైగా నేటి మిద్దెయిండ్లలో పెరిగిన పిల్లలలో అటకను చూచినవారెందరు? కావున బొమ్మ బుట్టగానే యుండనిండు. కాని పేరు మన చేతిలోనిది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తెలిగించినవారు ‘చెత్తబుట్ట’ అను పేరు వాడిరి. మాట తెలుగే, శ్రమ అభినందనీయమే. ఐనను అందులో వేసినదెల్ల చెత్త యని ముందుగానే తీర్పు చెప్పుచున్నది ఆ పేరు. బ్రిటనువారు ఒకే డబ్బాకు వేరుపేరు పెట్టుకొన్నట్లు, మనము బుట్ట బొమ్మక్రింద ‘అటక’ అని వ్రాసికొన్నచో తప్పేమి?

ఈ పేరుపట్ల మాకింత పట్టుదల యేల కలిగినదో చెప్పెదము. మా బంధువుల యింట ఒక పెద్దాయన తమ తల్లిగారు వ్రాసికొన్న పాటల పుస్తకమును, పాత భూమి కాగితములను పుటపుటకు ఫొటో తీయించి కంప్యూటరులో పెట్టుకొనిరి. ప్రతిదానికి తెలుగులో పేరు వ్రాసిరి. ఎనిమిదవ తరగతి చదువు మనుమడు యంత్రములో స్థలము చాలుట లేదని ఒకనాడు శుభ్రము చేయ మొదలిడెను. ఆంగ్లములోను తమిళములోను పేర్లున్నవి నిలిచినవి. తెలుగు పేర్లున్నవన్నియు బుట్టకు పోయినవి. రెండు దినములకు తాత అడిగిరి. బాలుడు దాచలేదు. “ఆ పేర్లు నాకు చదివేకి రాలే తాతా. పనికిరానివేమో అని తీసేస్తిని” అనెను.

అదృష్టవశమున బుట్ట ఖాళీకాలేదు. ఒక్క మీట నొక్కగనే అన్నియు స్వస్థానములకు చేరినవి. బాలునియందు దోషము లేదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము 2006-07లో ఒకటవ తరగతితో ఆరంభమై యేటేటా పై తరగతులకు ప్రాకినది. తమిళము నేర్చుట మంచిదే. ఈ నేలమీద బ్రదుకువారికి అవసరమును. కాని ఆ రెంటి నడుమ తెలుగు బడిలో చోటు తగ్గిన పిల్లవానికి ఇంటి మాట చెవికి తెలిసినను కంటికి తెలియకపోయినది. కంటికి తెలియనిది చెత్తగా తోచుట సహజము. పెద్దాయన కోపపడలేదు. ఆ దస్త్రముల పేర్లనే వాచకముగా పెట్టి దినమునకొక పేరు చదివించిరి. పేర్లు ముగియునప్పటికి బాలునికి అక్షరములు పట్టుబడినవి. ముత్తవ్వ పాటలలో రెండింటిని తానే చదివి వినిపించెను.

చదువరులకు ఒక హెచ్చరికయు చేయుచున్నాము. నేటి ఫోనులలోని బుట్టలు యజమానిని అడుగకయే ఖాళీ యగును. యాపిల్ ఫోనులో తొలగించిన చిత్రములకును, గూగుల్ డ్రైవులో తొలగించిన దస్త్రములకును 30 దినములే గడువు. మన పెద్దల అటకకు గడువు లేదు; ఈ యటకకు కలదు. కావున నెలకొకసారి దానిని దించి చూచుకొనుడు. విలువగల కాగితములకు వేరుచోట మరియొక ప్రతి యుంచుకొనుడు.

పూర్వపు డాస్ పద్ధతిలో ఒక చమత్కారము కలదు. దస్త్రమును తొలగించినచో యంత్రము దాని పేరులో మొదటి యక్షరమును మాత్రమే చెరపి గురుతు పెట్టుచుండెను. 1991లో వచ్చిన అయిదవ కూర్పులో పోయినదానిని తిరిగి తెచ్చు ఆజ్ఞ నొకటి చేర్చిరి. ఆ యాజ్ఞ తక్కినదంతయు తానే సమకూర్చి, యజమానిని ఒక్కటే యడుగుచుండెను: మొదటి యక్షరమేది? అది యంత్రమునకు తెలియదు, ఇంటివారికే తెలియవలెను. మన యింటి తెలుగు సంగతియు నేడు అంతే. అది నశింపలేదు, అటకమీద నున్నది. పిల్లలు అడుగునప్పుడు ఆ మొదటి యక్షరమును చెప్పగలవారు ప్రతి యింట ఒక్కరైనను ఉండవలెను.