వైల్డ్‌క్యాట్ తూటాలు - ఒక ఫోర్కు కథ

తుపాకుల మీద టపా ఏంటి, వీడికి అమెరికా నీళ్ళు బాగా ఒంటబట్టాయి అనుకునేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఇది తుపాకి హక్కుల గురించి కాదు. ఆ గొడవ ఇక్కడ టీవీల్లో రోజూ సరిపడా నడుస్తూనే ఉంటుంది. తమ తూటాలు తామే ఇంట్లో కూర్చుని తయారుచేసుకునే ఒక రకం మనుషుల గురించి రాస్తున్నాను. రెండేళ్ళుగా వాళ్ళని దగ్గర్నుంచి చూస్తున్నాను. చూసినకొద్దీ వీళ్ళు మన జాతివాళ్ళే అనిపిస్తోంది. అంటే తెలుగువాళ్ళని కాదు, ఇంజనీర్లని :)

నేనుండేది విస్కాన్సిన్‌లో. ఇక్కడ నవంబరులో థాంక్స్‌గివింగ్‌కి ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులపాటు తుపాకితో జింకల వేట సాగుతుంది. ఆ వారం మా ఆఫీసులో రిలీజులు పెట్టరు, పెట్టినా చేసే నాథుడుండడు. మా టీములో డేటాబేసులు చూసే ఒక పెద్దాయన ఉన్నాడు. యాభై దాటాయి, మాట తక్కువ. ఆయన ఇంటి బేస్‌మెంట్లో ఓ బల్ల, దాని మీద ఒక ప్రెస్సు, ఒక త్రాసు, పక్కన వరసగా నోటు పుస్తకాలు. అదీ ఆయన కార్ఖానా.

సరే, ముందు ఒక చిన్న పాఠం. మనం "బులెట్" అని పిలిచేది నిజానికి కార్ట్రిడ్జ్. అందులో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గొట్టం (దీన్ని కేస్ అంటారు), దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బిగించిన బులెట్. పేల్చాక బులెట్ పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పనికిరాదు. ఇత్తడి కేస్ మాత్రం మిగులుతుంది. నాలిగింట్లో ఖరీదైనది తరచు అదే. దాన్ని శుభ్రం చేసి, డై అనే అచ్చులో నొక్కి మళ్ళీ కొలతకి తెచ్చి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, కొత్త బులెట్ బిగిస్తే అది హ్యాండ్‌లోడింగ్. మందు తూచే లెక్క గ్రెయిన్లలో. పౌనుకి 7000 గ్రెయిన్లు, అంటే ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. మన కంసాలి త్రాసు గుర్తొస్తుంది.

ఇహ వైల్డ్‌క్యాట్ అంటే ఏమిటంటారా? ఏ కంపెనీ తయారుచేయని, ఏ ప్రామాణిక సంస్థా నమోదు చేయని తూటా. ఉన్న కేస్‌ని తీసుకుని దాని మెడ సన్నం చేయడమో, వెడల్పు చేయడమో, భుజం కోణం మార్చడమో చేస్తారు. దానికి సరిపోయేలా రైఫిల్ ఛాంబర్ని ఓ గన్‌స్మిత్ చేత కోయిస్తారు. అచ్చంగా ఫోర్కు అన్నమాట. అమెరికా సైన్యం 1906లో తెచ్చిన .30-06 కేస్‌నే చూడండి. దాని మెడని సన్నం చేస్తే .25-06, వెడల్పు చేస్తే .35 వీలెన్. ఒక బేస్ క్లాసు, దాని పిల్లలు.

ఇంకా తమాషా ఏమిటంటే, ఫోర్కుల్లో మంచివి చివరికి మెయిన్ బ్రాంచిలో మెర్జ్ అయిపోతాయి. 1915 నాటి .250 సావేజ్ కేస్ మెడని .22కి దించి జనం దశాబ్దాలపాటు ఇళ్ళల్లో వాడుకున్నారు. రెమింగ్టన్ కంపెనీ దాన్ని 1965లో .22-250 రెమింగ్టన్ పేరుతో అధికారికంగా తీసుకుంది. .25-06కి ఆ యోగం 1969లో పట్టింది. నెడ్ రాబర్ట్స్ అనే ఆయన 7×57 మౌజర్ కేస్ మీద చేసిన ప్రయోగం 1934లోనే .257 రాబర్ట్స్ అయి కూచుంది. ఆ 7×57 మౌజర్‌కే ఇంగ్లండులో .275 రిగ్బీ అని పేరు. కుమావూఁ కొండల్లో జిమ్ కార్బెట్ చేతిలో ఉన్న రైఫిల్ అదే. మనం చిన్నప్పుడు చదివిన మనిషి రుచి మరిగిన పులుల కథలకీ, అమెరికాలో ఎవరి గరాజులోనో జరిగిన ప్రయోగానికీ ఇత్తడి గొట్టం ఒక్కటే!

మన దేశం వల్ల పుట్టిన తూటాలు కూడా ఉన్నాయి. 1907 ప్రాంతంలో బ్రిటిషు ప్రభుత్వం ఇండియాలో .450 బోరు రైఫిళ్ళని నిషేధించింది. తిరుగుబాటుదార్ల దగ్గరున్న పాత మార్టినీ-హెన్రీ తుపాకులకి ఆ బులెట్లు పనికొస్తాయని భయం. లండన్ తుపాకి కంపెనీలు ఊరుకుంటాయా? .465, .470, .475 అంటూ పక్క సైజుల్లో కొత్త తూటాలు దించేశాయి. క్లయింటు ఒక రూలు మారిస్తే మనం స్పెక్ మొత్తం తిరగరాయడం ఇవాళ కొత్తగా వచ్చిందేం కాదన్నమాట.

ఈ ఫోర్కు సంప్రదాయానికి మూలపురుషుడు అనదగ్గవాడు పార్కర్ ఒట్టో ఆక్లీ (1903-1989). గన్‌స్మిత్, ఆ విద్య నేర్పిన పంతులు. ఆయన చేసిన తెలివైన పని ఒకటుంది. కేస్ గోడల్ని నిలువుగా చేసి, భుజాన్ని 40 డిగ్రీలకి వాలుగా కోసి, లోపల మందుకి చోటు పెంచాడు. దాన్నే "ఆక్లీ ఇంప్రూవ్డ్" అంటారు. చోటు పెరిగినా పాత కంపెనీ తూటా ఆ కొత్త ఛాంబర్లో మామూలుగా పేలుతుంది. పేలినప్పుడు ఇత్తడి ఒత్తిడికి సాగి కొత్త ఆకారంలోకి వచ్చేస్తుంది. దీన్ని ఫైర్‌ఫార్మింగ్ అంటారు. అంటే బ్యాక్‌వర్డ్ కంపాటిబుల్, పైగా మొదటిసారి వాడినప్పుడే డేటా దానంతటదే మైగ్రేట్ అయిపోతుంది. సాఫ్ట్‌వేర్లో ఇంత శుభ్రమైన అప్‌గ్రేడ్ నేనింతవరకూ చూడలేదు.

మా పెద్దాయన రైఫిల్ .280 ఆక్లీ ఇంప్రూవ్డ్. తొంభైల్లో కోయించుకున్నాడు. అప్పటికది వైల్డ్‌క్యాటే. 2007లో నాస్లర్ కంపెనీ పూనుకుని దాన్ని ప్రామాణిక జాబితాలో చేర్పించింది. "నువ్వు గెలిచావన్నమాట" అన్నాను. "దుకాణంలో కేసులు దొరుకుతున్నాయి, అంతే" అన్నాడాయన.

అయితే ఆక్లీ పేరు మీద నవ్వుకునే కథ కూడా ఉంది. సెకనుకి 5000 అడుగుల వేగం దాటించాలని .378 వెదర్బీ అనే భారీ కేస్‌ మెడని .22కి దించారు. దానికి పెట్టిన పేరు .22 ఇయర్‌జెస్‌ప్లిటెన్ లౌడెన్‌బూమర్! చెవులు బద్దలవుతాయని దొంగ జర్మన్లో చెప్పడం. వేగం 4600 దగ్గర ఆగిపోయింది. అంత మందు అంత సన్నటి గొట్టంలోంచి పోవాలంటే ఎలా? ఎన్ని సర్వర్లు పెట్టినా నెట్‌వర్కు తీగ ఒకటే అయితే ఏమవుతుందో మనకి తెలిసిందేగా.

ఇంతవరకూ సరదా. ఇక్కడినుంచి కాదు.

.30-06కి ప్రామాణిక సంస్థ పెట్టిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 60,000 పౌన్లు. మన కారు టైర్లో ఉండేది 32 లేక 35. ఆ పేలుడు మన చెంపకి జానెడు దూరంలో జరుగుతుంది. కంపెనీ తూటాకి ప్రయోగశాలలో కొలిచిన లెక్కలతో మాన్యువల్ ఉంటుంది. అందులో కనిష్ఠంతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. అసలు వైల్డ్‌క్యాట్‌కి చాలాసార్లు ఆ మాన్యువల్ ఉండదు. పాతరోజుల్లో వాళ్ళు ప్రైమర్ చదునైందా, బోల్టు ఎత్తడం కష్టమైందా అని చూసి ఒత్తిడి ఊహించేవాళ్ళు. పొగ వచ్చాక సర్వర్ వేడెక్కిందని తెలుసుకున్నట్టు.

అందుకే ఆయన బల్ల దగ్గర నియమాలు గుళ్ళో నియమాల్లా ఉంటాయి. ఒక్క రకం మందు డబ్బా తప్ప రెండోది బల్ల మీద ఉండకూడదు. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు మందులు కాలే వేగంలో ఆమడ తేడా ఉండొచ్చు. ఫోను పైన మెట్ల దగ్గరే వదలాలి. మందు పోశాక ప్రతి కేస్‌లోకీ టార్చి వేసి చూడాలి. ఇంకోడి రెసిపీ ఎంత గొప్పదైనా కాపీ కొట్టకూడదు. ప్రతి డబ్బా మీద తేదీ, మందు రకం, లాట్ నంబరు, బరువు, బులెట్, ఆ కేస్‌ని ఎన్నిసార్లు వాడారో రాసి ఉండాలి. మనం కామెంట్లు రాయడానికి బద్ధకిస్తాం. ఆయన 1994లో చేసిన బ్యాచి కూడా నోటు పుస్తకం తీసి చెప్పగలడు.

మనోళ్ళకి ఒక మాట. హెచ్1బి లాంటి వీసాల మీదున్నవాళ్ళు తుపాకి గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికున్న మినహాయింపుల్లో ఒకటి చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. స్నేహితుడితో సరదాగా షూటింగ్ రేంజికి వెళ్ళొద్దామనుకునేవాళ్ళు ముందు లాయర్ని అడగండి. నేను హంటర్ సేఫ్టీ క్లాసుకి వెళ్ళి, లైసెన్సు తీసుకున్నాకే ఆ బేస్‌మెంట్లో అడుగుపెట్టాను.

ఇంట్లో చెప్తే అమ్మ ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నోరులేని జీవాన్ని ఎందుకురా" అంది. ఆదివారం మటన్ తెచ్చే ఇల్లే మాది. ఆ మాట అనబోయి ఊరుకున్నాను. అమ్మ అడిగింది వాదనకి కాదని తెలుసు. పైగా ఆ ప్రశ్నకి సగం జవాబు ఆ పెద్దాయన దగ్గరే దొరికింది.

ఆయన చెప్పిన సంగతి ఇది. కొత్తలో వేగం మోజులో తేలిక బులెట్ ఒకటి ఎంచుకున్నాడట. కాగితం మీద గుంపు అద్భుతంగా వచ్చింది. జింక భుజం ఎముకకి తగలగానే ఆ బులెట్ పైపైనే తునకలైపోయింది. అర్ధరాత్రి దాటేదాకా టార్చి పట్టుకుని రక్తపు చుక్కల వెంట నడిచాడు. దొరకలేదు. ఆ పేజీ నోటు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. అక్కడ అంకెలేవీ లేవు, తేదీ ఒక్కటే ఉంది.

ఇలాంటి అనుభవమే జాన్ నాస్లర్‌కీ ఎదురైంది. బ్రిటిష్ కొలంబియాలో ఒక మూస్ మీద ఆయన బులెట్లు లోతుకి దిగలేదు. ఆయన ఇంటికొచ్చి మధ్యలో అడ్డుగోడ ఉన్న బులెట్ తయారుచేశాడు. ముందు భాగం విచ్చుకుంటుంది, వెనక భాగం గట్టిగా నిలబడి లోపలికి వెళ్తుంది. ఆ పార్టిషన్ బులెట్‌ని ఇప్పటికీ అమ్ముతున్నారు. ఒక బగ్ రిపోర్టుకి ఇంతకన్నా నిజాయితీ అయిన జవాబు ఉంటుందా?

కిందటేడు నవంబరు. కోతయిపోయిన మొక్కజొన్న చేను అంచున ఇద్దరం కూర్చున్నాం. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అవతలి గట్టు మీదికి పెద్ద కొమ్ముల జింక ఒకటి వచ్చి పక్కకి తిరిగి నిలబడింది. 300 గజాలుంటుంది. ఆయన రైఫిల్‌కి అది పెద్ద లెక్క కాదు. అద్దంలోంచి చాలాసేపు చూశాడు. రైఫిల్ దించేశాడు. జింక చెట్లలోకి వెళ్ళిపోయింది.

ఎందుకు కాల్చలేదని అడిగాను. "రైఫిల్‌కి వచ్చు. ఈ చలిలో, ఈ గాలిలో, ఇలా కూర్చుని నేను నిరూపించుకున్నది 200 గజాలు. దాని అవతల జింక మీద టెస్టింగ్ చేయడమే" అన్నాడు. ఆ ఏడు ఆయన ఫ్రీజరు ఖాళీగానే ఉంది. అది ఆయనకి చిన్న విషయం కాదు, చలికాలమంతా వాళ్ళింట్లో వండుకునేది ఆ మాంసమే.

అందుకే వైల్డ్‌క్యాట్ల మీద నా అభిప్రాయం రెండుగా ఉంది. ఇంజనీరుగా అవంటే నాకు ముచ్చట. ఈ పిచ్చి లేకపోతే .22-250 లేదు, .257 రాబర్ట్స్ లేదు. ప్రమాణాలు కమిటీ గదుల్లో పుట్టవు, ఎవడో బేస్‌మెంట్లో విసుగెత్తి పాతదాన్ని నొక్కి చూస్తే పుడతాయి. కానీ ఆక్లీ భుజం వల్ల ఆ .280కి అదనంగా వచ్చేది మహా అయితే సెకనుకి నూరో, నూటయాభయ్యో అడుగులు. ఆ మూడు నుంచి అయిదు శాతం తేడా జింకకి తెలియదు. దానికి తెలిసేది బులెట్ సరైన చోట తగిలిందా, లోపల విరగకుండా పనిచేసిందా అన్నదే. ఆ నూరడుగులూ మన సరదా కోసం. అందులో తప్పులేదు, సరదా అని ఒప్పుకుంటే చాలు. దాని ఖర్చు మాత్రం కాగితం మీద మనమే పెట్టుకోవాలి, జింక చేత పెట్టించకూడదు.

మన పనిలో ఈ స్పృహ లేకపోవడానికి కారణం ఒకటే అనిపిస్తుంది. మనకి ప్యాచి ఉంది. శుక్రవారం సాయంత్రం సగం ఉడికింది వదిలేసి, సోమవారం సర్దుకోవచ్చు. మధ్యలో ఎవడో ఆస్పత్రి కౌంటర్లో నిలబడ్డవాడు, ఎవరి పెన్షనో ఆగిపోయినవాడు మనకి కనపడడు. రక్తపు చుక్కల వెంట టార్చి పట్టుకుని నడవాల్సిన పని మనకెప్పుడూ పడదు కాబట్టే 300 గజాల గురి కూడా ధైర్యంగా పెట్టేస్తుంటాం.

అమ్మకి ఇదంతా ఇంకా చెప్పలేదు. చెప్పినా ఒప్పుకుంటుందని నమ్మకం లేదు, ఒప్పుకోవాలనీ లేదు. ఈ నవంబరుకి మళ్ళీ లైసెన్సు తీసుకున్నాను. నేను నిరూపించుకున్న దూరం ప్రస్తుతానికి 80 గజాలు.

మరి మీ దూరం ఎంత? తుపాకితో అని కాదు, మీ పనిలో. ఆలోచించి చెప్పండి.