సొంతూరే సిలబస్!

నల్గొండ నుంచి పాలమూరు దాకా ఏ ఊళ్లో బస్సు దిగినా ఓ బిట్టు ఎదురవుతుంది. గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లు దాన్ని బట్టీ పడుతుంటారు. సరైన జవాబు కింద గీత గీస్తుంటారు. చాలాసార్లు ఆ జవాబు వాళ్ల తాతల కథే!

పానగల్లు... నల్గొండకి పక్కనే ఉంటుంది. అక్కడి ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లినవాళ్లంతా ముందు గర్భగుడిలోకి తొంగిచూస్తారు. లింగం వెనక గోడమీద ఓ స్తంభం నీడ. పొద్దు ఎటు తిరిగినా అది మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఏ స్తంభం నీడ అది, ఎందుకు కదలదు... అని అందరూ బుర్ర గోక్కుంటారు. మంటపంలో చెయ్యి అడ్డం పెట్టి చూస్తారు. సెల్‌ఫోన్లో ఫొటో తీసుకుని, ప్రసాదం తిని, పక్కనే ఉన్న ఉదయసముద్రం చెరువు చూసి ఇంటికెళ్తారు.

ఇంకోరకం భక్తులూ ఉంటారు. చేతిలో నోట్సు, భుజానికి సంచీ. వాళ్లకి నీడతో పనిలేదు. గుడి ఎవరి కాలానిదన్నదే కావాలి. ‘కందూరు చోళులు’ అని ఠక్కున చెప్పేస్తారు. వాళ్ల రాజధానులేవి? పానగల్లు, కోయిలకొండ, వర్ధమానపురం... వేళ్లు మడుస్తూ అప్పజెబుతారు. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్లనాటి ఆ రాజులు ఇటు నల్గొండనీ అటు పాలమూరునీ కలిపి ఏలారు. వాళ్ల పేరులోని కందూరు ఇక్కడ లేదు, పాలమూరు జిల్లాలో ఉంది. సరే, మనమూ ఆ దారినే వెళ్దాం.

కుర్చీ దొరికితే చాలు

అంతకంటే ముందు నల్గొండ గ్రంథాలయంలో ఓ పూట కూర్చోవాలి. పొద్దున తలుపు తీసే వేళకే బయట చెప్పుల వరస. ఫ్యాను కింద కుర్చీ కావాలంటే అందరికంటే ముందు రావాలి మరి! ఒక్కొక్కరి ముందూ తెలుగు అకాడమీ పుస్తకాలు, అట్ట చిరిగిన ఎకానమీ మెటీరియల్‌, కరెంట్‌ అఫైర్స్‌ మాసపత్రిక, నీళ్ల సీసా, టిఫిన్‌ డబ్బా. మిర్యాలగూడ వైపు నుంచి రోజూ రైల్లో వచ్చేవాళ్లున్నారు. పట్నంలోనే గది తీసుకుని వండుకు తినేవాళ్లున్నారు. మాటలు మాత్రం వినబడవు. పేజీ తిప్పిన చప్పుడు, ఎవరో పెదాలు కదుపుతూ చదువుకుంటున్న గుసగుస... అంతే.

ఈ ఊరికి చదివే అలవాటు కొత్తేం కాదు. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు ఇక్కణ్నుంచే ‘నీలగిరి పత్రిక’ నడిపారు. నిజాం ఏలుబడిలో తెలుగులో పత్రిక పెట్టడమంటే మాటలు కాదు. ఆ నీలగిరీ ఇప్పుడు ఓ బిట్టే. ‘నీలగిరి పత్రిక ఎక్కడి నుంచి వెలువడింది?’ అని అడిగితే, ఆ ఊళ్లోనే కూర్చుని చదువుతున్న కుర్రాడు ఆప్షన్లలో తన ఊరి పేరుకి టిక్కు పెడతాడు.

నల్గొండ, పాలమూరు పిల్లలకే ఉన్న విచిత్రమైన వెసులుబాటు ఇది. బరువు కూడా. గ్రూప్‌-1 మెయిన్స్‌లో ఆరో పేపరు, గ్రూప్‌-2లో నాలుగో పేపరు తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర అవతరణ మీదే. చెరో నూట యాభై మార్కులు. 1948 నుంచి 2014 దాకా మూడు దశలుగా చదవాలి. ముల్కీ గొడవలు, 1969 ఉద్యమం, ఆరు సూత్రాల పథకం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబరు 30న వచ్చిన 610 జీవో... ఆ పేపర్లో సగం ఈ ప్రాంతంవాళ్లకి ఉద్యోగాలు ఎందుకు రాలేదన్నదే! ఉద్యోగం కోసం చదివే పాఠం, ఉద్యోగాల కోసం జరిగిన కొట్లాటల చరిత్ర కావడం ఇంకెక్కడైనా ఉంటుందా? 2009లో ఎల్బీనగర్‌లో ప్రాణం తీసుకున్న శ్రీకాంతాచారి ఊరు మోత్కూరు దగ్గరి పొడిచేడు. అప్పటి నల్గొండ జిల్లానే. అతని పేరు వచ్చే పేజీ దగ్గర ఇక్కడి పిల్లలు గీత గీయరు. అక్కర్లేదంటారు.

పటిక, సున్నం... ఒక మార్కు

జనరల్‌ సైన్సులోనూ నల్గొండ ఉంది. ‘నల్గొండ టెక్నిక్‌ దేనికి సంబంధించినది?’ జవాబు: నీటిలోంచి ఫ్లోరైడ్‌ తీసేయడానికి. నాగపూర్‌లోని ‘నీరి’ శాస్త్రవేత్తలు 1970ల్లో రూపొందించిన పద్ధతి అది. నీళ్లలో సున్నం, పటిక కలిపి బాగా తిప్పి, మడ్డి అడుగుకి దిగాక పైనీళ్లు వడకట్టుకోవడం. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావని పుస్తకంలో ఉంటుంది.

పుస్తకంలో లేనిది మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లో కనిపిస్తుంది. దొడ్డికాళ్లు, వంగిన నడుములు, గారపట్టిన పళ్లు. తర్వాత నదినీళ్లు పల్లెలకి వచ్చాయి కానీ, అంతకుముందు వంగిన ఎముకలు మళ్లీ నిటారుగా కావు. ఆ వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న ఓ అమ్మాయిని ఈ బిట్టు గురించి అడిగాను. ‘‘గది మాకు చదవాల్సిన పన్లేదన్నా. మా నాయనమ్మ నడిస్తే సూస్తం గదా’’ అంది. ఆమెకి ఇరవై ఏడేళ్లు. గ్రూప్‌-2, గ్రూప్‌-4, గురుకుల పోస్టులు... అన్నీ రాసింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ‘ఈ ఒక్క నోటిఫికేషన్‌’ అంటూ గడువు అడుగుతోంది. ఎన్నోసారి అడగడమో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

నోటిఫికేషన్‌ అన్న మాటకి ఇక్కడ పెళ్లి ముహూర్తానికున్నంత విలువ. ఎందుకో తెలియాలంటే కాస్త లెక్క చూడాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన గ్రూప్‌-1 నోటిఫికేషన్‌ తర్వాత తెలంగాణవాళ్లకి మళ్లీ అలాంటిది వచ్చింది 2022 ఏప్రిల్లో. 503 పోస్టులు. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్‌ రాశారు. పేపరు లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ రాశారు. బయోమెట్రిక్‌ సరిగ్గా తీసుకోలేదన్న వివాదంతో హైకోర్టు సెప్టెంబరులో దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్‌. జూన్‌లో ముచ్చటగా మూడోసారి ప్రిలిమ్స్‌, అక్టోబరులో మెయిన్స్‌. మూల్యాంకనం మీద, తెలుగు మాధ్యమంలో రాసినవాళ్ల మార్కుల మీద మళ్లీ కేసులు. చివరికి నియామక పత్రాలు చేతికందేసరికి 2025 సెప్టెంబరు. గ్రూప్‌-2 అయితే నాలుగుసార్లు వాయిదాపడి 2024 డిసెంబరులో జరిగింది.

ఈలోగా గరిష్ఠ వయసు 44కి, 2024లో 46కి పెంచారు. దానివల్ల మేలే జరిగింది. రీడింగ్‌ రూములో మాత్రం ఓ కొత్త దృశ్యం వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల పక్కన నలభై దాటిన మనిషి, అదే పుస్తకం, అదే పేజీ. అతని కొడుకు తొమ్మిదో తరగతి. ‘‘వాడికి లెక్కలు చెప్తూ నేను అర్థమెటిక్‌ చేసుకుంట’’ అని నవ్వాడు. కష్టపడటంలో ఈ పిల్లలకి ఎవరూ వంక పెట్టలేరు. పరీక్ష పెట్టేవాళ్లు కూడా అంతే శ్రద్ధగా ఉండి ఉంటే, అందులో చాలామంది ఈపాటికి ఏదో ఒక ఆఫీసులో సీనియర్లయ్యేవారు.

సర్వేల్‌ దారిలో

నల్గొండ జిల్లా ఈ చదువులకిచ్చిన అసలు కానుక గ్రంథాలయం కాదు, ఓ బడి. సంస్థాన్‌ నారాయణపురం దగ్గరి సర్వేల్లో 1971లో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైన గురుకులం. ఊరి పిల్లలకి ఉచితంగా తిండి, బట్ట, చదువు. అక్కడ చదివినవాళ్లలో ఎందరో అధికారులయ్యారు. 2024లో రాష్ట్ర పబ్లిక్‌ సర్వీస్‌ కమిషన్‌కి ఛైర్మన్‌గా ఉన్న మాజీ డీజీపీ మహేందర్‌రెడ్డి ఆ బడి విద్యార్థే. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన బుర్రా వెంకటేశం కూడా! పరీక్ష రాసేవాళ్లనీ, పెట్టేవాళ్లనీ కూడా తయారుచేసిన జిల్లా అన్నమాట.

నల్గొండ దాటి పడమరకి వెళ్తే దేవరకొండ. రేచర్ల పద్మనాయకుల కోట ఉన్న ఊరు. 1931లో రెండో నిజామాంధ్ర మహాసభ ఇక్కడే జరిగింది. అధ్యక్షుడు బూర్గుల రామకృష్ణారావు. గ్రూప్స్‌ చదివేవాళ్లకి ఈ మహాసభల పట్టిక ఎక్కాల పుస్తకం లాంటిది. 1930 జోగిపేట, సురవరం ప్రతాపరెడ్డి. 1931 దేవరకొండ, బూర్గుల. 1936 షాద్‌నగర్‌, కొండా వెంకట రంగారెడ్డి. 1941 చిలుకూరు, రావి నారాయణరెడ్డి. 1944 భువనగిరి, మళ్లీ ఆయనే. ఇందులో జోగిపేట తప్ప మిగతా నాలుగూ అప్పటి నల్గొండ, మహబూబ్‌నగర్‌ జిల్లాలవే. సురవరం, బూర్గుల ఇద్దరూ పాలమూరు బిడ్డలు. రావి నారాయణరెడ్డిది భువనగిరి దగ్గరి బొల్లేపల్లి. 1952 ఎన్నికల్లో నల్గొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిన మనిషి.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. ఈ పట్టికని నోటికి చెప్పేవాళ్లు చాలామందే కలిశారు. ఆ సభల్లో ఏం తీర్మానించారు, వెట్టి గురించి ఏమన్నారు, ఆడపిల్లల చదువు గురించి ఏమన్నారు... అని అడిగితే మాత్రం తడుముకుంటారు. తప్పు వాళ్లది కాదు. బిట్టు పేపరు ఊరినీ ఏడాదినీ అడుగుతుంది, సంగతి అడగదు. మెయిన్స్‌లో అడుగుతుంది. ప్రిలిమ్స్‌ గట్టెక్కినవాళ్లు అక్కడ తట్టుకోలేకపోవడానికి ఇదీ ఓ కారణమని సీనియర్లు చెబుతారు.

అమీను గారి హాస్టల్‌

దేవరకొండ మీదుగా కల్వకుర్తి, జడ్చర్ల దాటితే మహబూబ్‌నగర్‌. ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ పేరుమీద 1890లో ఈ పేరొచ్చింది. జనం నోట మాత్రం ఇప్పటికీ పాలమూరే. పిల్లలమర్రి చూడకుండా రావద్దంటారు కాబట్టి చూశాను. మూడెకరాల మర్రి. చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో మనుషులకి పెట్టినట్టే సెలైన్‌ సీసాలతో మందెక్కించి బతికించారు. అదీ అప్పట్లో కరెంట్‌ అఫైర్స్‌ బిట్టే!

పొద్దున్నే స్టేడియం వైపు వెళ్తే కానిస్టేబుల్‌, ఎస్సై ఉద్యోగాల కోసం పరుగు తీసేవాళ్లు కనిపిస్తారు. మగవాళ్లకి 1600 మీటర్లు, ఆడవాళ్లకి 800. పరుగు అయ్యాక గట్టుమీద కూర్చుని బిట్లు. పాలమూరుకి పోలీసు కొలువు తెలియనిది కాదు. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టిన వెంకట రామారెడ్డి నిజాం పోలీసులో అమీనుగా చేరి, 1920లో హైదరాబాద్‌ కొత్వాల్‌ అయ్యారు. రాజా బహదూర్‌ అనిపించుకున్నారు. ఆయన చేసిన పెద్దపని వేరే ఉంది. పల్లెల నుంచి చదువుకోడానికి పట్నం వచ్చే పిల్లలకి తలదాచుకునే చోటు లేదని 1918లో రెడ్డి హాస్టల్‌కి పూనుకున్నారు. సురవరం ప్రతాపరెడ్డి దానికి కార్యదర్శిగా చేశారు.

నూరేళ్లు దాటినా ఆ చిక్కు అలాగే ఉంది. పాలమూరులోనూ నల్గొండలోనూ బీసీ స్టడీ సర్కిళ్లున్నాయి. రెండుచోట్లా విశ్వవిద్యాలయాలున్నాయి. నల్గొండలో మహాత్మాగాంధీ 2007లో, ఇక్కడ పాలమూరు 2008లో వచ్చాయి. అయినా అశోక్‌నగర్‌ వెళ్తేగానీ చదివినట్టు కాదన్న నమ్మకం పోలేదు. అక్కడ అద్దె మంచాలు, మెస్సు కార్డు, చిక్కడపల్లి గ్రంథాలయంలో చెట్టుకింద చోటు. ఇంట్లో ఎకరం పత్తి డబ్బు అందుకే సరిపోతుంది.

మరో సంగతి. నల్గొండ, పాలమూరు 1975 ఉత్తర్వుల కింద ఆరో జోన్‌లో కలిసి ఉండేవి. ఒకే పోస్టుకి పోటీపడేవాళ్లు. 2018 ఉత్తర్వులతో నల్గొండ యాదాద్రి జోన్‌కీ, పాలమూరు జోగులాంబ జోన్‌కీ వెళ్లాయి. కందూరు చోళులు కలిపి ఏలిన నేలని జోన్లు విడదీశాయి. పెద్ద పోస్టులకి ఇప్పటికీ ఒకే మల్టీజోన్‌.

ఆ కందూరు ఎక్కడుందో చూద్దామని బెంగళూరు హైవే పట్టాను. అడ్డాకల్‌ మండలం. రామలింగేశ్వరుడి గుడి, కదంబ చెట్లు. ఇదే మండలంలో పొన్నకల్‌ అని ఇంకో ఊరుంది. 2024 ఏప్రిల్‌ 16న సివిల్స్‌ ఫలితాలొచ్చిన రోజు దాని పేరు దేశమంతా వినబడింది. దోనూరు అనన్యరెడ్డి, మొదటి ప్రయత్నంలోనే జాతీయ స్థాయిలో మూడో ర్యాంకు. ఢిల్లీ మిరండా హౌస్‌లో డిగ్రీ, ఆంత్రొపాలజీ ఐచ్ఛికం. అప్పటినుంచి ఈ చుట్టుపక్కల ఏ కోచింగ్‌ కరపత్రం చూసినా ఆమె ఫొటోనే. ఆడపిల్లని ఢిల్లీ పంపి చదివించాలా అని అడిగే ఇళ్లలో ఇప్పుడు ఆ పేరు ఓ జవాబుగా పనికొస్తోంది.

సాయంత్రానికి మళ్లీ పాలమూరు బస్టాండు. ఒకప్పుడు ఇక్కడ ముంబయి బస్సు కోసం జనం మూటలతో పడిగాపులు కాసేవారు. పార, గంప, నాలుగు గిన్నెలు, చంకలో పిల్లాడు. ‘పాలమూరు లేబర్‌’ లేకుండా దేశంలో డ్యాము కట్టలేదంటారు. ఇప్పుడు హైదరాబాద్‌ బస్సు దగ్గర ఓ కుర్రాడు, వెంట తండ్రి. రెండు సంచులున్నాయి. ఒకదాన్లో బియ్యం, పప్పు, పచ్చడి సీసా. రెండోదాన్లో పుస్తకాలు. డిక్కీలో పెడుతూ తండ్రి పుస్తకాల సంచి పట్టుకుని ‘‘గిదే బరువుంది’’ అన్నాడు. కుర్రాడు కిటికీ పక్క సీటు చూసుకుని, బస్సు కదలకముందే బిట్‌ బ్యాంకు తెరిచాడు. తండ్రి కండక్టర్‌ దగ్గరికెళ్లి అశోక్‌నగర్‌కి ఎక్కడ దిగాలో మళ్లీ ఓసారి అడిగాడు.