ఆగుంబెలో కప్పల చుట్టరికాలు

శివమొగ్గలో రైలు దిగి, తీర్థహళ్లి మీదుగా బస్సులో ఆగుంబె చేరేసరికి మధ్యాహ్నం మూడు. వెలుగు చూస్తే మాత్రం సాయంత్రం ఏడైనట్టుంది. ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే ఊరది. మా తెనాలి వైపు వెయ్యి దాటిందంటే వాన దండిగా పడ్డట్టే. బస ఉన్న ఇంటికి కుడివైపు తిరగాల్సింది ఎడమకు తిరిగి, పొగమంచులో అరగంట తచ్చాడాను. చుట్టూ కప్పల అరుపులే. మా పొలాల్లో వినిపించే బెకబెకలు కావు. ఒకటి తలుపు గొళ్లెం కొట్టినట్టు, ఇంకొకటి గులకరాళ్లు రాపాడినట్టు.

ఇంటావిడ వేడి కషాయం ఇచ్చి, నీర్ దోసెలు వేసింది. మన అట్టులా కరకరలాడవు, మెత్తగా మడతపడతాయి. ఎందుకొచ్చావంటే కప్పలు చూడటానికన్నాను. "కప్పెయా?" అని నవ్వింది. కన్నడంలోనూ దానికి మన పేరే!

కప్పల కోసం బయల్దేరబోతుంటే వసారా మెట్టు మీద మా పెరట్లో ఉండే గోదురుకప్పే కనిపించింది. "ఇది కప్ప కాదుగా?" అన్నాను. టార్చి పట్టుకుని తోడొచ్చిన కుర్రాడు "ఇదీ కప్పే అక్కా" అన్నాడు. మనం నున్నగా ఉంటే కప్ప, గరుగ్గా ఉంటే గోదురుకప్ప అంటాం. శాస్త్రం లెక్క వేరు. కాళ్లుండి తోకలేని ఉభయచరాలన్నీ అన్యూరా అనే ఒకే క్రమం. అందులో యాభైకి పైగా కుటుంబాలుంటే, గోదురుకప్పలది వాటిలో ఒకటి. పశ్చిమ కనుమల్లో చెట్ల మీదే బతికే గోదురుకప్ప కూడా ఉందని ఫోనులో ఫొటో చూపించాడు. 1758లో జీవుల్ని వర్గీకరించిన లినేయస్ కప్పల్నీ గోదురుకప్పల్నీ కలిపి రానా అనే ఒకే ప్రజాతిలో పెట్టాడు. మన పెరటి గోదురుకప్ప ప్రజాతికి ఇప్పుడు డట్టాఫ్రైనస్ అని పేరు. ఉభయచరాల మీద పనిచేసిన సుశీల్ కుమార్ దత్తా గౌరవార్థం 2006లో పెట్టారు. అంత మామూలు కప్పకు మన దేశస్థుడి పేరుందని తెలిసి ఎంత సంతోషమేసిందో!

నీటిగుంట మీదికి వంగిన కొమ్మకు తెల్లటి నురగ ముద్ద వేలాడుతోంది. పక్కనే మలబార్ ఎగిరే కప్ప. పచ్చటి ఒళ్లు, వేళ్ల మధ్య కుంకుమరంగు పొర. ఆ పొర విప్పే చెట్టు నుంచి చెట్టుకు గాలిలో జారుతుంది. గుడ్లు ఆ నురగలోనే ఉంటాయి. అవి పగిలాక తోకకప్పలు కిందున్న నీళ్లలోకి రాలతాయి. ఊపిరి బిగబట్టి ఎంతసేపు చూశానో!

మర్నాడు కుళ్లిన ఆకుల కింద వానపాములాంటిది మెదిలింది. ఒంటి నిండా ఉంగరాలు, కాళ్లు లేవు. వానపాము కాదు, దవడలూ పళ్లూ వెన్నెముకా ఉన్న సిసీలియన్ అనే ఉభయచరం. పాము కంటే కప్పకే దగ్గరి చుట్టం. మా ఊళ్లో అయితే పాముపిల్లనుకుని కొట్టి చంపేసేవాళ్లు. రూపం కాదు, పూర్వీకులెవరో చూసి చుట్టరికం కలుపుతారన్న మాట నాకు బాగా ఎక్కింది అక్కడే.

మీరు వెళ్తే జూన్, జులైల్లో వెళ్లండి. జలగల కోసం పొడవాటి మేజోళ్లు తీసుకెళ్లండి. దోమల మందు రాసుకున్న చేత్తో మాత్రం కప్పను ముట్టుకోకండి. అది చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది.